నీరు పల్లమెరుగు

మా కొలిమిగుండ్లకు దగ్గర్లోనే బెలుం గుహలున్నాయి. చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, చూడనివాళ్ళకు ఎంత చెప్పినా చాలదు. పైన చూస్తే మామూలు మెట్ట పొలాలు. కింద మాత్రం సున్నపురాతిని నీళ్ళు తొలిచిన దారులు, మొత్తం 3,229 మీటర్ల పొడవున! 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర వీటి సంగతి లోకానికి చెప్పాడు. 2002లో మెట్లూ దీపాలూ అమర్చి జనానికి తెరిచారు. లోపల నడుస్తుంటే ఒక సంగతి కంటికి కనపడుతుంది. రాయి గట్టిగా ఉన్నచోట నీళ్ళు మొండికేసి కూర్చోలేదు. పక్కన సందు దొరికితే అటు తిరిగాయి. నీరు పల్లమెరుగును అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?

కథ కోసం మనుషులు పడే ఆరాటమూ అచ్చం ఇలాంటిదే. ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటకు పెద్ద చరిత్రే ఉంది, అందులో మన ఆడవాళ్ళ పాత్ర తక్కువేమీ కాదు.

2025 నవంబరులో ఐబొమ్మ అనే సైటు మూతపడింది. కొత్త సినిమాలూ, వెబ్ సిరీస్‌లూ పైసా ఖర్చు లేకుండా తెలుగిళ్ళల్లోకి తెచ్చిపోసిన సైటు అది. దాన్ని నడిపాడన్న ఆరోపణ మీద ఒక యువకుణ్ణి హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. సినిమా పరిశ్రమ ఊపిరి పీల్చుకుంది. జనంలో మాత్రం చాలామంది ఆ అబ్బాయినే వెనకేసుకొచ్చారు. ఆ వారంలోనే కొలిమిగుండ్ల నుంచి మా వదిన ఫోను చేసింది. "ఏం వదినా, బొమ్మ ఆగిపాయె గదా! సగం చూసిన సిరీస్ అట్లే ఉండాది. ఇంక యాడ చూసేది?"

వదిన గొంతులో దొంగతనం చేసిన జంకు లేదు. రేషన్ షాపు మూసేస్తే బియ్యం ఎక్కడ తెచ్చుకోవాలని అడిగే మనిషిలా అడిగింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆలోచనా వచ్చింది. ఎందుకంటే ఈ "ఇంక యాడ?" అనే ప్రశ్న ఇవాళ పుట్టింది కాదు. మన అమ్మమ్మలూ అడిగారు.

1952 సంగతి తీసుకోండి. బి.వి. కేస్కర్ గారు కేంద్రంలో సమాచార, ప్రసార శాఖ మంత్రిగా వచ్చారు. ఆయనకు శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాటంటే చిరాకు. చూస్తుండగానే ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు కనుమరుగైపోయాయి. ప్రభుత్వం తలుపు వేసింది సరే, పాట కావలసిన జనం ఏం చేశారు? రేడియో ముల్లు తిప్పి సముద్రం అవతలికి పోయారు. సిలోను రేడియో వాళ్ళకు రెండో ప్రపంచ యుద్ధం నాటి బలమైన ట్రాన్స్‌మిటర్లు ఉండేవి. ఆ యేడాది డిసెంబరు 3న అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైంది. బుధవారం వస్తే ఉత్తరాదిన సగం దేశం రేడియో చుట్టూ చేరేది. తెలుగు పాటలకూ అక్కడ చోటు దొరికింది. మీనాక్షీ పొన్నుదురై గారి గొంతులో తెలుగు పాటల పరిచయం విన్నవాళ్ళు ఆ గొంతును ఇప్పటికీ తలుచుకుంటారు. మన భాష పాట మన ఊరి ఇంట్లోకి రావాలంటే పొరుగు దేశం మీదుగా రావలసి వచ్చిందన్నమాట!

చివరికి ఏమైంది? జనాన్ని తిట్టి లాభం లేదని ప్రభుత్వానికే తెలిసింది. 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టింది. మన వాకిట్లోనే పాట దొరికాక జనం క్రమంగా ఇటు తిరిగారు. తలుపు మూసినందువల్ల జనం మారలేదు, తలుపు తెరిచాక మారారు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇక టీవీ. మన పల్లెలకు టీవీ రావడమే అరువు మీద వచ్చింది. 1975 ఆగస్టు 1న సైట్ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా వారి నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక్క యేడాదికి మనకు ఎరువిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో సామూహిక టీవీలు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. కొలిమిగుండ్ల అప్పట్లో ఆ జిల్లాలోదే, నంద్యాల జిల్లా అయింది 2022 ఏప్రిల్లోనే కదా. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, ఆటపాటలు, మొత్తం రోజుకు నాలుగు గంటలు. హైదరాబాదు నగరంలో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. అంటే కొన్ని పల్లెలు పట్నం కన్నా ముందే బొమ్మ చూశాయి!

సరిగ్గా యేడాది తిరిగేసరికి, 1976 జూలై 31న, ప్రసారం ఆగింది. ఉపగ్రహం వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం టీవీ ముందు అలవాటుగా వచ్చి కూర్చున్న ఒక ఇల్లాలిని ఊహించుకోండి. ఎవరూ ఏ నేరమూ చేయలేదు, ఒప్పందం గడువు తీరింది అంతే. కానీ రుచి మరిగిన మనసుకు ఒప్పందాలు తెలుస్తాయా? ఇవాళ సైటు మూతపడితే మనవాళ్ళు పడే వెలితి, అదే పేరున్న ఆ సైట్ ముగిసినప్పుడు మన జిల్లా ఒకసారి పడింది.

బొమ్మ లేని ఆ రోజుల్లో కథను అందించిన దారి వారపత్రిక. ఇందులో మనం ఎవరికీ తీసిపోం. సీరియల్ కోసం వారమంతా ఎదురుచూడటం, పత్రిక రాగానే మొదట ఎవరు చదవాలని అక్కాచెల్లెళ్ళు పోట్లాడుకోవడం తెలియని ఇల్లు ఏది? యండమూరి గారి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు రాత్రిపూట పెరట్లోకి వెళ్ళడానికి భయపడినవాళ్ళు ఇప్పుడు అమ్మమ్మలయ్యారు. ఆ పత్రిక కొలిమిగుండ్ల లాంటి ఊళ్ళో బస్సు దిగేసరికి ఆలస్యం. కొనేది ఒకరు, చదివేది పదిళ్ళవాళ్ళు. సీరియల్ అయిపోయాక ఆ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేస్తే నవల తయారు! మా అమ్మ కుట్టినవి ఇప్పటికీ మా పుట్టింట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఒకదాంట్లో పన్నెండో వారం లేదు. ఆ ఖాళీలో అమ్మ తెల్ల కాగితం పెట్టి, పక్కింటి పిన్నమ్మ నోట విన్న కథను నాలుగు వాక్యాల్లో రాసిపెట్టింది. మూతపడ్డ దారికి బదులు దారి అంటే అదీ!

అది చట్టం తప్పని ఎవరూ అనలేదు. కొన్న పుస్తకం పక్కవాళ్ళకు చదవడానికి ఇవ్వడం నేరం కాదు. పైగా మనకది ఒక ఉద్యమం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ప్రాణం పోశారు. మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు దాన్ని ముందుకు నడిపించారు. పుస్తకం కొనలేని మనిషికి పుస్తకం చేరాలన్నది వాళ్ళ పట్టుదల.

చిక్కు ఎక్కడ మొదలైందంటే, పంచుకోవడం పోయి నకలు తీయడం వచ్చినప్పుడు. 1982 ఆసియా క్రీడల పుణ్యమా అని రంగుల టీవీ వచ్చింది, వెనకే వీడియో వచ్చింది. పల్లెల్లో దాన్ని "డెక్కు" అనేవాళ్ళం. పెళ్ళయినా, తిరునాళ్ళయినా టీవీనీ డెక్కునీ అద్దెకు తెచ్చి, వీధిలో పెట్టి, రాత్రి తెల్లవార్లూ మూడు సినిమాలు వేసేవాళ్ళు. పట్నాల్లో వీడియో లైబ్రరీలు సందుకొకటి వెలిశాయి. దేశం దాటిపోయిన మనవాళ్ళకు అయితే ఆ క్యాసెట్టే పుట్టిల్లు. అమెరికాలో పప్పూ చింతపండూ అమ్మే మన కొట్లలోనే తెలుగు క్యాసెట్లు అద్దెకిచ్చేవాళ్ళు. వాటిలో ఏది హక్కు కొన్నదో, ఏది నకలుకు నకలో అడిగే ఓపిక ఎవరికుంది? బొమ్మ చారలు పడుతుంటే నకలని అర్థం చేసుకోవడమే. 1984లో కేంద్రం కాపీరైటు చట్టాన్ని సవరించింది. నకళ్ళు తీసినవాళ్ళకు ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా అంది. దాడులు జరిగాయి, క్యాసెట్లు పట్టుకెళ్ళారు. కానీ వీడియో లైబ్రరీల వైభవాన్ని తగ్గించింది చట్టం కన్నా ఎక్కువగా కేబుల్ టీవీ అనే చెప్పాలి. 1992లో జీ, 1995లో ఈటీవీ, జెమినీ వచ్చి, నెలకింత కడితే ఇంట్లోనే బొమ్మ పోస్తామన్నాయి. ఇంక డెక్కు ఎవరికి కావాలి?

ప్రపంచంలోనూ ఇదే వరస. 1999లో షాన్ ఫానింగ్ అనే అమెరికా కుర్రాడు నాప్‌స్టర్ పెట్టి పాటలన్నీ ఒకరికొకరు పంపుకునే వీలు కల్పించాడు. కోర్టు దెబ్బకు 2001లో అది ఆగింది. ఆగిన మర్నాడే జనం వేరే పేర్ల వెంట పడ్డారు. 2003లో ఆపిల్ వాళ్ళు ఒక్కో పాట తొంభై తొమ్మిది సెంట్లకు న్యాయంగా అమ్మడం మొదలుపెడితే, డబ్బిచ్చి కొనేవాళ్ళు కోట్ల మంది తేలారు. 2012 జనవరిలో మెగాఅప్‌లోడ్ మూతపడింది. టీవీ సీరియళ్ళ కోసం దాన్ని నమ్ముకున్నవాళ్ళు మళ్ళీ వీధిన పడ్డారు. అంతకన్నా విచారం ఏమిటంటే, తమ సొంత ఫోటోలూ, సొంత కాగితాలూ అందులో దాచుకున్న అమాయకులవీ దాంతో పాటే పోయాయి. పరాయి ఇంటి అటకమీద పెట్టిన సామాను మనది కాదని అప్పుడు తెలిసింది చాలామందికి.

ఇదంతా చదివి, "అయితే దొంగ సైట్లను సమర్థిస్తున్నారా?" అని మీరు అడగవచ్చు. లేదండీ. నేను నవలలు రాసుకుని బతికే మనిషిని. ఒకసారి ఒకావిడ ఎంతో ప్రేమగా ఫోను చేసి, "మీ నవల ఎంత బాగుందో! పీడీఎఫ్ దొరికింది, రాత్రికి రాత్రే చదివేసి మా గ్రూపులో రెండు వందల మందికి పంపించాను" అంది. సంతోషించాలో ఏడవాలో తెలీలేదు. ఆ నవల వెయ్యి కాపీలు అమ్మడానికి నాలుగేళ్ళు పట్టింది. మా అమ్మ కుట్టిన పుస్తకం పది చేతులు మారితే పదిమంది చదివారు, కానీ ఉన్నది ఒక్క పుస్తకమే, దానికి ఎవరో ఒకరు డబ్బిచ్చారు. ఫోనులో అలా కాదు. ఒక నొక్కుతో రెండు వందల పుస్తకాలు పుట్టాయి, ఒక్కదానికీ డబ్బు లేదు. సీరియల్ వెనకాలా మనుషులున్నారు. మాటలు రాసేవాళ్ళు, కెమెరా మోసేవాళ్ళు, టీ అందించే కుర్రాడు. వాళ్ళ కూలి ఎక్కడి నుంచో రావాలి కదా!

ఇంకో తేడా కూడా ఉంది. మా ఊళ్ళో పత్రిక ఇచ్చిన పిన్నమ్మ బదులుగా మహా అయితే ఒక గిన్నెడు మజ్జిగ అడిగేది. ఐబొమ్మకు బెట్టింగ్ యాప్‌ల ప్రకటనల నుంచి డబ్బు వచ్చేదనీ, చూడవచ్చిన లక్షల మంది వివరాలు అక్కడ పోగుపడ్డాయనీ పోలీసులు చెప్పారు. అది కోర్టులో తేలవలసిన మాట. కానీ ఉత్తినే ఇచ్చేవాడు ఎందుకిస్తున్నాడని అడగడం ఇల్లాలి ధర్మం. సంతలో ఎవరైనా బంగారం గాజులు ఉచితంగా తొడుగుతానంటే మనం చెయ్యి చాపుతామా, వెనక్కి తీసుకుంటామా? పైగా ఆ సైటు ఆగాక అదే పేరును పోలిన సైట్లు మళ్ళీ కనపడ్డాయి. బదులు వెతుక్కునే ఆ తొందరలోనే ఏ లింకు పడితే అది నొక్కి బ్యాంకు ఖాతా ఖాళీ చేసుకునే ప్రమాదం. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్నీ సవరించి, నకలు తీసేవాళ్ళకు మూడు నెలల నుంచి మూడేళ్ళ జైలు, కనీసం మూడు లక్షల జరిమానా పెట్టారు. తాళం పెద్దదే. కానీ తాళమొక్కటే చాలదని 1952 నుంచీ చూస్తూనే ఉన్నాం.

మరి వదిన ప్రశ్నకు జవాబేమిటి? "యాడ చూసేది?" అన్నదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, కొత్తవి ఎక్కడ చూడాలి? ఒక్కో సిరీస్ ఒక్కో యాప్‌లో ఉంటే, ప్రతి యాప్‌కూ విడిగా డబ్బు కట్టమంటే, నాపరాయి గనిలో కూలికి పోయే ఇంటికి కుదిరే పనా? ఆ తలుపు ఇంకాస్త వెడల్పు చేయవలసిన బాధ్యత వ్యాపారం చేసేవాళ్ళదే. తెరిస్తే జనం వస్తారనడానికి మన ఇంట్లోనే సాక్ష్యం ఉంది. గుణ్ణం గంగరాజు గారి 'అమృతం' జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా వచ్చింది. తీసినవాళ్ళే దాన్ని యూట్యూబులో పెట్టారు. ఇప్పుడు అమృతం కోసం దొంగ దారి పట్టవలసిన అవసరం ఎవరికీ లేదు. ఆంజనేయులును చూసి నవ్వుకోవడానికి కొత్త తరమే వస్తోంది.

రెండో ప్రశ్న నన్ను ఎక్కువ బాధిస్తుంది. పాతవి ఎక్కడ చూడాలి? మా తరం ఆడపిల్లలు దూరదర్శన్లో 'ఋతురాగాలు' చూస్తూ హోంవర్కు చేశారు. అలాంటివి ఎన్ని మిగిలాయి, ఎన్ని చెరిగిపోయాయి? టేపులు ఖరీదైన రోజుల్లో పాత కార్యక్రమం చెరిపి దాని మీదే కొత్తది రికార్డు చేయడం పెద్ద పెద్ద సంస్థలూ చేసిన పనే. బ్రిటన్లో బీబీసీ వాళ్ళు 'డాక్టర్ హూ' అనే పిల్లల సీరియల్ భాగాలు ఎన్నో అలాగే పోగొట్టుకున్నారు. తొమ్మిది భాగాలు నైజీరియాలో దొరికాయని 2013లో ప్రకటించారు. ఇంకా దొరకనివాటి బొమ్మ పోయినా, శబ్దం మాత్రం మిగిలింది. ఎవరు మిగిల్చారనుకున్నారు? ఇంట్లో టీవీ ముందు టేపు రికార్డరు పెట్టి, ఎవరూ మాట్లాడకండర్రా అని అందరినీ గదమాయించి రికార్డు చేసుకున్న అభిమానులు! సంస్థ పారేసినదాన్ని ప్రేక్షకులు దాచారు.

మన తెలుగు పుస్తకాలకూ ఇలాంటి గండం వచ్చి తప్పింది. భారత డిజిటల్ లైబ్రరీ పేరుతో ప్రభుత్వ సాయంతో వేలాది పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. కాపీరైటు అభ్యంతరాలు వచ్చి 2017 నాటికి ఆ సైటు ఆగిపోయింది. అంతకుముందే కొందరు వాటి నకళ్ళను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాచబట్టి మనకు చాలా పుస్తకాలు దక్కాయి. రచయిత పోయి అరవై యేళ్ళు దాటిన పుస్తకం మనందరి సొత్తు. అలాంటివీ, హక్కులు ఇంకా మిగిలున్నవీ ఒకే మూటలో కట్టి పెట్టినందువల్ల, మూటంతా మూలపడబోయింది. అందుకే నేననేది, ఏది అందరి సొత్తో ఏది ఒకరి కష్టమో వేరుచేసి చూసే వివేకం చట్టానికీ ఉండాలి, మనకూ ఉండాలి.

ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అనే యాప్ తెచ్చి రామాయణం, మహాభారతం లాంటివి అందులో పెట్టింది. 2020 లాక్‌డౌన్లో రామాయణం మళ్ళీ వేస్తే దేశం మొత్తం ఎలా కూర్చుని చూసిందో మనకు తెలుసు. హిందీవి పెట్టినట్టే హైదరాబాదు కేంద్రం తీసిన తెలుగు సీరియళ్ళూ, నాటకాలూ, మిగిలినవన్నీ దుమ్ము దులిపి పెట్టమని మనం అడగాలి. ఇంకో సంగతి తెలుసా? మనం ఇంటి పన్ను కట్టినప్పుడల్లా రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. 1960 నాటి చట్టం అది. మన ఊరి గ్రంథాలయంలో మన డబ్బుంది. ఆ డబ్బుతో ఒక కంప్యూటరూ, హక్కులు కొన్న పాత సీరియళ్ళూ ఎందుకు ఉండకూడదు? పత్రిక కొనలేని ఇల్లాలికి పుస్తకం చేర్చిన ఉద్యమం, యాప్‌కు డబ్బు కట్టలేని ఇల్లాలికి బొమ్మ చేర్చలేదా?

మీ ఊరి గ్రంథాలయంలో సలహాల పుస్తకం ఒకటి ఉంటుంది. చాలాచోట్ల దానిలో పేజీలన్నీ ఖాళీ. ఈసారి అటు వెళ్ళినప్పుడు నాలుగు వాక్యాలు రాసి, కింద సంతకం పెట్టి రండి. నలుగురు కలిసి వెళితే మరీ మంచిది.